అరళి వీడు, మొదటి ఆట

కోయంబత్తూరులో పీలమేడు బస్‌స్టాప్ గోడ మీద ఆ పోస్టర్ కనిపించిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. నల్లటి కాగితం మీద బట్టలుతికే బండ, దాని మీద రాలిన ఎర్ర గన్నేరు పువ్వు, కింద తమిళంలో ఇంతలేసి అక్షరాలు: అరళి వీడు, ఈసారి వెండితెర మీద. మనిషి లేదు, మొహం లేదు. తిరుప్పూరు బస్సు ఎక్కాలంటే రోజూ ఆ గోడ కిందే నిలబడాలి నేను. చూడకూడదని రోడ్డుకేసి తిరిగి నిలబడితే వీపు వెనక ఎవరో ఉన్నట్టే ఉండేది. ఛీ, ఇదేం కర్మ, ఒక కాగితానికి భయపడుతున్నానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

దెయ్యాలంటే నాకు భయం లేదు. నా పేరు ముత్తుసెల్వి. బనియన్ కంపెనీలో చెకింగ్ సెక్షన్ చూస్తాను. నా గొంతు వినపడితే అక్కడి ఆడపిల్లలు ఫోన్లు దాచేసి కత్తెరలు పట్టుకుంటారు. వాళ్ళనడిగితే నేనే దెయ్యాన్నంటారు. నా భయమంతా మా అమ్మ గురించి.

అరళి అంటే గన్నేరు, వీడు అంటే ఇల్లు. 'అరళి వీడు' నా పెళ్ళికి ముందు శుక్రవారం శుక్రవారం టీవీలో వచ్చిన సీరియల్. గన్నేరు చెట్టున్న పాత ఇంట్లోకి ఎవరు అద్దెకు దిగినా పెరట్లో బట్టలుతుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. పోయి చూస్తే పావడా, దావణీలో, అంటే ఓణీలో, ఒక పిల్ల. పేరు తేన్మొళి. ఆ ఇంటి బావిలో పడి పోయిన పిల్ల. ఎవరి గొంతూ నులమదు, ఎవరి రక్తమూ తాగదు. వచ్చినవాళ్ళ మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట అంటుంది: "ఎన్ పావాడై ఇన్నుం కాయలియే." నా పావడా ఇంకా ఆరలేదే అని. ఆ మాటకి కోయంబత్తూరు నుంచి మదురై దాకా మగాళ్ళు కూడా దుప్పటి ముసుగు పెట్టుకున్నారు.

మా మిల్లు లైన్ ఇళ్ళలో అప్పుడు టీవీ ఉన్నది అయ్యసామి మామ ఇంట్లోనే. వీధి వీధంతా ఆయన వాకిట్లో కూర్చునేది. ఆ మాట మొదటిసారి విన్న రోజు అందరూ కెవ్వుమన్నారు. మా అమ్మ రక్కమ్మాళ్ మాత్రం లేచి నిలబడింది.

"ఏమే ముత్తూ, మన పాపే అది! తడిబట్టతో నిలబడి ఉండాదే!" అంది.

అంతకు ముందు ఏడు వానాకాలంలో మా అక్క జీవా తోటబావి దగ్గర బట్టలుతకబోయి కాలు జారి పడిపోయింది. దానికి పదిహేడేళ్ళు, నాకంటే ఏడాది పెద్ద. ఒంటి మీదున్న పచ్చ పావడాని అమ్మ దండెం మీద ఆరేసింది. ముసురు పట్టుకుంది, ఎంతకీ ఆరలేదు. చివరికి తడిదాన్నే మడిచి, అక్కను పాతిపెట్టిన చోట పెట్టి వచ్చారు. ఈ సంగతి మా ఇంటి గోడలు దాటలేదు. మరి సీరియల్ రాసినవాడికి ఎలా తెలిసింది? తెలిసింది పాపకి ఒక్కదానికే, కాబట్టి చెబుతున్నదీ పాపే. ఇదీ మా అమ్మ లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికి మా నాన్న బతికున్నంత కాలం ప్రయత్నించాడు, ఆయన వల్ల కాలేదు.

తమిళనాట పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళలో పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లని ఇంటి దేవతగా నిలుపుకుంటాం. కన్ని అంటాం. ఆడి మాసంలో, అంటే ఇంచుమించు ఆషాఢంలో, ఒక శుక్రవారం కొత్త పావడా, దావణీ, గాజులు, రిబ్బను తాటాకు పెట్టెలో పెట్టి మొక్కుతాం. కిందటేడు పెట్టిన పావడాని ఇంట్లో ఈడొచ్చిన పిల్ల కట్టుకోవాలి. ఆ పిల్లని నేనే. నా పెళ్ళి దాకా నా ఒంటి మీదికి వచ్చిన మంచి బట్టలన్నీ మా అక్క విడిచినవే. మా మేనత్త కమలమ్మాళ్ ఈ మొక్కులన్నిటికీ పెద్ద దిక్కు. "కన్నికి వయసు ఎక్కదు. పోయిననాడు ఎట్టుండెనో అట్టే ఉంటది. చీర మాత్రం చూపించకూడదు, చీర అంటే పెళ్ళయిన మాట" అని ఏటా చెబుతుంది.

కన్నిని మొక్కేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కన్నిని టీవీలో చూసి, ఆమె కట్టిన రంగు పావడాయే వెతికి కొనేది మా అమ్మ ఒక్కతే. సీరియల్లో తేన్మొళి నీలం కడితే ఇంటి కన్నికీ నీలం, వంగపండు రంగు కడితే వంగపండు రంగు. సీరియల్ ఆగిపోయాక కూడా ఆ రంగులే ఒకదాని తర్వాత ఒకటి తిప్పి తిప్పి పెట్టేది.

ఇంట్లో ఏది వచ్చినా ముందు పాపకి. మామిడిపండు పాపకి, మల్లెపూలు పాపకి. నేను మొహం ముడుచుకుంటే "అది చిన్నబిడ్డ గదే, నీకు ఇంత వయసొచ్చె, నువ్వు విట్టుకుడు" అనేది, అంటే వదిలిపెట్టు అని. చెల్లెల్ని నేను. ఏడాది తిరిగేసరికి దాని ఈడుదాన్ని అయ్యాను, ఆ మరుసటేడు దానికి అక్కనయ్యాను, ఇప్పుడు తల్లి వయసుదాన్ని. అమ్మ కళ్ళు మాత్రం ఆ పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయాయి, నన్ను దాటుకుని అక్కడికే పోతాయి. చచ్చిపోయినదాని మీద ఏడుపా అని మీరనొచ్చు. అవును, ఏడుపే.

అయినా సరే, ఆ పిల్లే మా అమ్మకి ప్రాణం. నాన్న పోయినా, మిల్లు మూతపడినా తట్టుకుంది. పాప ఉందిగా అనుకుంది. ఇప్పుడు ఆ పాపతో సినిమావాళ్ళు ఆడుకోబోతున్నారు. వాళ్ళు ఏం చేసినా అది మా అమ్మ గుండెల మీద చేసినట్టే. నా కాలు నిలవకపోవడానికి కారణం అది.

అమ్మ మాత్రం సంబరంగా ఉంది. "ఇన్నేండ్లకు పాప మళ్ళా ఒస్తా ఉండాది. ఇప్పుడు ఏ రంగు కట్టుకుందో చూసినాకే ఈ ఆడికి పావాడ తీస్తా" అంది. సినిమా విడుదల కూడా ఆడి శుక్రవారమే.

"సినిమాలు గినిమాలు ఎందుకు నీకు? మోకాళ్ళ నొప్పి అంటావు గదా?"

"మోకాలికేమే, కూర్చునే గదా చూసేది" అంది.

ఈ నిప్పులో నెయ్యి పోసింది నా స్నేహితురాలు జెబమలర్. పక్క ఇంట్లో పుట్టి పెరిగింది, అక్కతో ఒకే బెంచీలో చదివింది, ఇప్పుడు నాతోపాటే బనియన్ కంపెనీకి వస్తుంది. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడుతుంది, మిగతా రోజులన్నీ తేన్మొళి భక్తురాలు. 'అరళి వీట్టు పిళ్ళైగళ్' అని వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టింది. అరళి ఇంటి బిడ్డలు అని. కోయంబత్తూరు, మదురై, పళని, మలేషియా, ఎక్కడెక్కడి నడివయసు మనుషులో అందులో చేరి చిన్నపిల్లల్లా కొట్టుకుంటారు. సినిమా ప్రకటించిన దగ్గర్నుంచి ఆ గ్రూపులో నిద్ర లేదు. టైటిల్ పాట మార్చారని ఒకడు ఏడుపు. బావిని కంప్యూటర్లో గీశారని ఒకడు కోపం. మా చిన్నతనాన్ని ముట్టుకోవద్దని ఒకావిడ పద్యంలాంటిది రాసింది. పద్యం బాగా లేదని ఇంకొకావిడ రాసింది. జెబమలర్ బస్సులో ఇవన్నీ నాకు చదివి వినిపించేది. వద్దే తల్లీ అన్నా ఆగేది కాదు.

విడుదలకు ముందు వారం మదురై నుంచి వినోత్ అనేవాడు గొంతు రికార్డు చేసి పంపాడు. వాడి బంధువు సినిమా ఎడిటింగ్ దగ్గర పనిచేస్తాడట. చివర్లో మంత్రగాడు వచ్చి తేన్మొళిని కాల్చేస్తాడట, బూడిద ఏట్లో కలిపేస్తాడట. గ్రూపు గగ్గోలెత్తిపోయింది. థియేటర్ల ముందు ధర్నా చేద్దామన్నారు. జెబమలర్ బస్సులో బొటబొటా కన్నీళ్ళు కార్చింది. 

"జెబా, నువ్వు మా అమ్మకు తీసిన టికెట్టు రద్దు చేసెయ్యే" అన్నాను.

"ఎట్టా చేసేది? మీ అమ్మే రెండుసార్లు ఫోన్ చేసి ముందు వరుసలో వద్దు, నడిమిలో ఎయ్యి అని చెప్పె."

"పాపను కాలుస్తారంట. మా అమ్మ కండ్లతో చూస్తే తాళతాదా? ఒకసారి బావిలో పోయింది. ఇప్పుడు నిప్పులోనా?"

"వినోత్ గాడు వాయి తెరిస్తే బొంకు. పోయినసారి పాట రాసిందే వాడని చెప్పినాడు."

"బొంకు కాకపోతే?"

జెబమలర్ ముక్కు తుడుచుకుంది. "కాకపోతే నేనూ సస్తా, మీ అమ్మతో. నువ్వు వచ్చి ఇద్దరినీ ఎత్తుకోని పో" అంది.

శుక్రవారం పొద్దున నా వంతు ప్రయత్నం చేశాను. మా ఆయన అయ్యప్పన్ ఆటో నడుపుతాడు. ఆటో చెడిపోయిందని అమ్మతో చెప్పమన్నాను. మనిషి మంచివాడు, అబద్ధం మాత్రం చేతకాదు. అమ్మ ఇంటి ముందు ఆటో ఆపి, ఇంజను ఆపకుండానే, "అత్తా, ఆటో స్టార్ట్ అవలే" అన్నాడు. అమ్మ ఆయన్ని, ఊగుతున్న ఆటోనీ మార్చి మార్చి చూసి, ఎక్కి కూర్చుంది. పట్టుచీర కట్టుకుంది. తలలో పూలు పెట్టుకుంది. కూతుర్ని చూడ్డానికి అత్తారింటికి పోయే తల్లి ముస్తాబు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కోపం చేసుకుని దాన్ని మింగాను.

థియేటర్ ముందు జనం చూస్తే మతి పోయింది. హీరోల సినిమాలకు కటౌట్ మీద పాలు పోస్తారు కదా, వీళ్ళు ఈ దెయ్యానికి వేరే మొక్కు కనిపెట్టారు. గేటు ఈ కొస నుంచి ఆ కొసకు తాడు కట్టి, బక్కెట్లలో ముంచిన పావడాలు వరసగా ఆరేశారు. పచ్చవి, నీలంవి, ఎర్రవి, అన్నిట్లోంచీ నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. కింద మగపిల్లలు తడుస్తూ గంతులేస్తున్నారు. "ఎన్ పావాడై!" అని ఒకడు అరిస్తే, "కాయలియే!" అని వందమంది అందుకుంటున్నారు. జెబమలర్ కూడా సంచిలోంచి తడి పావడా తీసి తాడు మీద వేసింది.

అమ్మ ఆటో దిగి అక్కడే ఆగిపోయింది. "ఇన్ని తడి పావాడలా? ఎవురి బిడ్డలవే ఇవన్నీ?" అంది. ముందుకెళ్ళి ఒక పావడా కుచ్చెళ్ళు పట్టుకుని నీళ్ళు పిండడం మొదలుపెట్టింది. ఒకటి పిండి, పక్కదానికి పోయింది. కుర్రాళ్ళు ఈలలేసి "పాట్టి మాస్!", అవ్వ అదరగొట్టింది అని, వీడియో తీశారు. వాళ్ళకిది ఆట. మా అమ్మకి కాదని ఎవరికి చెప్పను? చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను.

సినిమా మొదలైంది. కొత్తగా పెళ్ళయిన ఐటీ జంట ఒకటి ఆ ఇంట్లో దిగింది. సంగీతం మారిందని వెనక నుంచి తిట్లు. గన్నేరు చెట్టు చిన్నదైందని తిట్లు. అంతలో పెరట్లో చప్పుడు. బండ మీద బట్ట కొట్టే చప్పుడు. హాలు మొత్తం లేచి నిలబడి ఆ ఒక్క మాట కోసం గొంతు సవరించుకుంది. తెర మీద ఒక ఆడమనిషి వీపు కనిపించింది. వంగి ఉతుకుతోంది. మెల్లగా తిరిగింది.

నడివయసు మనిషి. కళ్ళ కింద ముడతలు, చెంపల దగ్గర నెరిసిన జుట్టు, ఒంటి మీద వెలిసిన నీలం నూలుచీర. అప్పుడు సీరియల్లో వేసిన పిల్లే మళ్ళీ వేసింది, ఆ సంగతి ఇన్నాళ్ళూ దాచారు. నడుము మీద చెయ్యి ఆనించుకుని, బండ దగ్గర్నుంచి కష్టంగా లేచింది. అద్దెకొచ్చిన అమ్మాయి మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు.

హాల్లో గోల. నవ్వులు, ఈలలు. "ఆంటీ పేయ్ రా!" అని ఒకడు, పేయ్ అంటే దెయ్యం. "పేయ్‌కి ఆధార్ కార్డు ఇచ్చేసినారు!" అని ఇంకొకడు. "చచ్చినదానికి వయసు ఎట్టా అవుతుంది? లాజిక్ వద్దా?" అని ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడి తెరని నిలదీశాడు. నా కుడిపక్క జెబమలర్ "మోసం! మా తేన్మొళిని ఏం చేసినారయ్యా!" అని చున్నీలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎడమపక్కకు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. వెనక వరుసలో కుర్రాళ్ళు "పాట్టి పేయ్, పాట్టి పేయ్" అని చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. లేచి వెనక్కి తిరిగాను.

"ఏమిరా, మీ ఇండ్లలో అమ్మలు లేరా? తల నెరిస్తే నవ్వుతారా? వాయి మూసుకోని చూడండ్రా, లేదంటే చెప్పు తీస్తా!"

వాళ్ళలో ఒకడు సెల్‌ఫోను లైటు నా మొహం మీద వేశాడు. తెరకేసి చూశాడు, నాకేసి చూశాడు. "టేయ్, ఇది పేయోడ తంగచ్చి డా!" అన్నాడు. దెయ్యానికి చెల్లెలు రా అని. ఆ వరుసంతా పడీ పడీ నవ్వింది.

నేను కూలబడ్డాను. ఇన్నేళ్ళలో నన్ను దాని చెల్లెలని అన్నవాడు వాడొక్కడే.

"ఉండవే ముత్తూ, కూసో. పాపను చూడనీ" అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "మన పాపే. చెంపలు జారినాయి, అంతే. ముక్కు చూడు."

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో సగం నాకు ఎక్కలేదు. మంత్రగాడు ఎప్పుడొస్తాడా అని చూస్తూ కూర్చున్నాను. వచ్చాడు. నిప్పు వెలిగించాడు. నేను కళ్ళు మూసుకుని, అమ్మ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టబోయాను. అమ్మ ఆ చెయ్యి తోసేసింది. కళ్ళు తెరిచేసరికి గన్నేరు చెట్టు మండుతోంది, మంత్రగాడు పారిపోతున్నాడు. తేన్మొళి నింపాదిగా బండ దగ్గరికి వచ్చి ఉతికిన చీరని పిండింది. దులిపింది. దండెం మీద వేసి, అంచులు సమంగా లాగి, ఇంట్లోకి పోయింది. అంతటితో ఐపోయింది. ఆ మాట ఎక్కడా అనలేదు. చివరి పేర్లు పడుతుంటే జనం తామే "ఎన్ పావాడై" అని అరిచి చూశారు. తెర మీద ఎవరూ బదులు చెప్పలేదు.

బయట రణరంగం. తాడు మీది పావడాలు పీకి నేలకేసి కొడుతున్నారు. "డైలాగే లేదు, ఇదేం అరళి వీడు!" అని ఒకడు. "నాకు నచ్చింది" అన్న పాపానికి ఒక కాలేజీ పిల్లని ముగ్గురు చుట్టుముట్టి వాదిస్తున్నారు. జెబమలర్ ఫోనులో గ్రూపు పేలిపోతోంది. మదురై వినోత్ అప్పుడే తేన్మొళి చేతికి కర్ర ఇచ్చి, కళ్ళజోడు పెట్టి బొమ్మ తయారు చేసి పంపాడు. జెబమలర్ వాణ్ణి గ్రూపులోంచి తీసేసింది. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ చేర్చుకుంది, తిట్టడానికి.

యూట్యూబ్ కుర్రాడొకడు మైకు పట్టుకుని దొరికినవాళ్ళనల్లా అడుగుతున్నాడు. పట్టుచీర ముసలమ్మ కనిపించేసరికి వాడికి పండగ. నేను అడ్డం వెళ్ళేలోపు మైకు అమ్మ గడ్డం కింద పెట్టేశాడు.

"పాట్టి, సినిమా ఎట్టుంది? పేయ్‌కి వయసు అవ్వచ్చా? మీరే చెప్పండి."

అమ్మ తమిళంలో మొదలుపెట్టి మధ్యలో మన తెలుగులోకి వచ్చేసింది. "పేయి సంగతి నాకు తెలీదు నాయినా. కన్నబిడ్డ పెరగకుండా ఎట్టుంటది? ఏడ ఉన్నా పెరుగుతాది గదా. నేనుదా దాన్ని పదిహేడేండ్లకాడే నిలబెట్టేస్తి. పావాడ, పావాడ అని ఇన్నేండ్లూ పావాడే ఇస్తి. అంత పెద్ద మనిషి పావాడ కట్టుకోని ఎట్టా తిరుగుతాది? పాపం, అడగను దానికి సిగ్గు." అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు చూస్తి గదా. ఆరలేదని ఒక్కసారి కూడా అనలే, దాని బట్ట ఆరిపోయింది. నిమ్మతిగా ఉండాది."

ఆ కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "సరింగ పాట్టి, అయిదుకి ఎన్ని స్టార్లు?" అన్నాడు.

"స్టారూ గీరూ వద్దు నాయినా, నేను అంగడికి పోవాల" అని మైకు పక్కకి నెట్టి నడిచింది.

నేను వెనక పడ్డాను. ఆమె విరిగిపోతుందని నేను వారాల తరబడి పడ్డ హైరానా అంతా ఏమైందో నాకు అంతుపట్టలేదు. ఏడవాల్సిన ఆవిడ గబగబా నడుస్తోంది, ఏడుపు నా గొంతులో ఉంది. ఆటోలో క్రాస్‌కట్ రోడ్డుకు పోనిమ్మంది అయ్యప్పన్‌ని. ఎప్పుడూ పావడాలు కొనే అంగడి ముందు ఆగకుండా పక్కనున్న చీరల అంగడి మెట్లెక్కింది.

"అమ్మా, కమలమ్మాళ్ అత్త ఒప్పుకోదు. కన్నికి చీర చూపించకూడదు అని గదా చెప్పేది?"

"చెప్పనీ. బిడ్డ ఆమెదా, నాదా?"

సేల్స్ అమ్మాయి ఎదుట కూర్చుని "ఎవరికి పాట్టి, ఎంత వయసు?" అని అడిగింది. అమ్మ మొదట నా వైపు చూసింది.

"ఇది నా చిన్నకూతురు. దీని అక్కకు. దీనికంటే ఒక వయసు పెద్దది" అంది.

దీని అక్క. ఆ మాట మా అమ్మ నోట వినడానికి నాకు జుట్టు నెరవాల్సి వచ్చింది. పాప పాప అని ఒకటే పాటగా బతికిన మనిషి. సేల్స్ అమ్మాయి చీరలు పరిచింది. పరిచినవన్నీ అమ్మ పక్కకు తోసి, చివరికి వెలిసిన రంగులో కాకుండా నిండు నీలంలో ఒక నూలుచీర తీసింది. "లేసి నిలబడవే" అంది నాతో. "నీ ఎత్తే ఉంటది అది. నీకు బాగుంటే దానికీ బాగుంటది."

అద్దం ముందు నిలబడ్డాను. అమ్మ చీర విప్పి నా భుజం మీదుగా వేసింది. కుచ్చెళ్ళు నడుము దగ్గర పట్టుకుని, రెండడుగులు వెనక్కి పోయి నన్ను చూసింది. చీరని చూసింది. నడుముని చూసింది. తర్వాత మొహాన్ని చూసింది. చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నన్ను దాటి ఎటూ పోలేదు. దగ్గరికి వచ్చి నా చెవి వెనక జుట్టు వేలితో పైకెత్తింది. రంగు వేసుకుని నెలైంది, కుదుళ్ళు తెల్లగా ఉన్నాయి.

"ఏమే ముత్తూ" అంది. "నీకెప్పుడే నెరిసె?"

ఎప్పుడో నెరిసిందమ్మా, నువ్వు చూడలేదు అందామనుకున్నాను. అమ్మ చెయ్యి జుట్టులోంచి చెంప మీదికి వచ్చింది. కంటి కింద ముడతని బొటనవేలితో తడిమింది, అక్కడే ఉంచింది.

సేల్స్ అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసి, "బిల్ వేసేయనా అక్కా?" అని అడిగింది.

"కొంచెం ఉండమ్మా" అన్నాను.